ఒక్క అంకె, అయిదు పనులు
మార్కులు, గ్రేడ్లు: అపోహలు – వాస్తవాలు

పేరెంట్స్ మీటింగ్ రోజున ప్రోగ్రెస్ కార్డు చేతికి ఇవ్వగానే తల్లిదండ్రుల చూపు ఎక్కడికి పోతుందో ఏ టీచరైనా చెప్పగలరు. అట్టడుగున ఉండే మొత్తం మీదికి, దాని పక్కనున్న ర్యాంకు మీదికి పోతుంది. లెక్కల్లో ఏం వచ్చింది, తెలుగులో ఏం రాలేదు అన్న మాట తర్వాత. "మావాడు ఎన్నో ర్యాంకు సార్?" అన్నదే ముందు వస్తుంది. ఇందులో వాళ్లను తప్పుపట్టేదేమీ లేదు. కార్డును మనమే అలా అచ్చువేశాం, వాళ్లు అలాగే చదువుతున్నారు.

హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి, ఏటా వందల పేపర్లు దిద్దే మనిషిగా ఈ మాటలు రాస్తున్నాను. పిల్లల పనికి మార్కు వేయడానికి బడికి ఒకటి కాదు, చాలా అవసరాలున్నాయి. తానెక్కడున్నాడో పిల్లవాడికి తెలియాలి. వాడి చదువు ఎలా సాగుతోందో ఇంట్లోవాళ్లకు తెలియాలి. రేపు ఏ పాఠం మళ్లీ చెప్పాలో టీచరుకు తెలియాలి. ఎవరికి సీటు ఇవ్వాలో పై కాలేజీకి తెలియాలి. చదవనివాణ్ణి కాస్త కదిలించాలి. అయిదూ న్యాయమైనవే. చిక్కల్లా ఈ అయిదు పనులనూ ఒకే అంకెతో చేయించాలనుకోవడం దగ్గరే వస్తోంది. వాణ్ణి కదిలించడానికి రెండు మార్కులు కలిపితే, ఇంట్లోవాళ్లకు తప్పుడు కబురు వెళ్తుంది. అల్లరికి రెండు కోస్తే, వాడికి పాఠం రాలేదని పైవాళ్లు అనుకుంటారు. మార్కుల చుట్టూ మనకున్న అపోహల్లో చాలావాటికి మూలం ఈ కలగాపులగమే.

అపోహ: మార్కు అంటే పిల్లవాడికి ఎంత వచ్చో తూచి చెప్పేది.

వాస్తవం: తూకం వేసే చేయి మారితే అంకె మారుతుంది. ఇది వందేళ్ల కిందటే తేలిన సంగతి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ 1912లో ఒకే ఇంగ్లిష్ జవాబు పత్రానికి నకళ్లు తీసి 142 మంది టీచర్లతో దిద్దించారు. నూటికి 64 వేసినవాళ్లున్నారు, 98 వేసినవాళ్లూ ఉన్నారు. భాష కాబట్టి అలా జరిగింది, లెక్కలైతే జరగదని కొందరన్నారు. మరుసటి ఏడాది వాళ్లు రేఖాగణితం పేపరు తీసుకుని అదే పని చేశారు. ఈసారి తేడా ఇంకా పెరిగింది. అదే పేపరుకు ఒకరు 28 వేస్తే, మరొకరు 90కి పైన వేశారు. ఎందుకంటే కొందరు సరైన జవాబును మాత్రమే చూశారు, కొందరు రాసిన పద్ధతిని, శుభ్రతను కూడా లెక్కలోకి తీసుకున్నారు. అంటే ఆ పేపరు దేనికి దిద్దుతున్నామన్న దాని మీదే వాళ్లలో ఏకాభిప్రాయం లేదు. తర్వాత 1935లో బ్రిటన్‌లో ఫిలిప్ హార్టాగ్, రోడ్స్ కలిసి ఇంకో అడుగు ముందుకు వేశారు. ఒకసారి దిద్దిన ఎగ్జామినర్లకే ఏడాది దాటాక ఆ పేపర్లు మళ్లీ ఇచ్చారు. తమ తీర్పును తామే మార్చుకున్న సందర్భాలు కొల్లలు.

మన స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుల్లో ఈ తేడాను తగ్గించడానికి ఏర్పాట్లున్నాయి. కీ ఇస్తారు, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో చెబుతారు, అసిస్టెంట్ ఎగ్జామినర్ దిద్దినవాటిలో కొన్నింటిని చీఫ్ ఎగ్జామినర్ మళ్లీ చూస్తారు, మార్కులు కూడడానికి వేరే మనుషులుంటారు. అయినా ఒక్కొక్కరు రోజుకు సుమారు నలభై పేపర్లు దిద్దాల్సిన చోట పొద్దున్న దిద్దిన మొదటి పేపరు, సాయంత్రం దిద్దిన చివరి పేపరు ఒకే కంటితో చూసినవని చెప్పలేం. ఇక అంకెలు ఎక్కించడంలో జరిగే పొరపాట్లు వేరు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 తెచ్చుకున్న అమ్మాయికి మెమోలో సున్నా పడింది. రీవెరిఫికేషన్ లేకపోతే ఆ సున్నాయే ఆ పిల్ల తెలివి కింద నిలిచిపోయేది.

అసలు అంకె నిక్కచ్చిగా పడినా అది చెప్పేది చాలా తక్కువ. ఆరో తరగతిలో భిన్నాల మీద 20 మార్కుల స్లిప్ టెస్ట్ పెట్టామనుకుందాం. ముగ్గురికి 12 చొప్పున వచ్చాయి. కార్డు మీద ముగ్గురూ ఒకటే. పేపర్లు తెరిచి చూడండి. 2/3 + 1/4 అన్న లెక్కకు మొదటి అమ్మాయి 3/7 అని రాసింది. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడేసింది. 3/7 అనేది 2/3 కంటే చిన్నది, కూడిన తర్వాత తగ్గడమేమిటన్న అనుమానం ఆ పిల్లకు రాలేదు. భిన్నం కూడా ఒక సంఖ్యేనన్న ఊహ ఇంకా కుదరలేదన్నమాట. రెండో అబ్బాయి కసాగు 12 అని తీశాడు, 8/12 + 3/12 దాకా చక్కగా వచ్చాడు, చివర 10/12 అని వేశాడు. వీడికి భిన్నాలు వచ్చు, తొందర ఎక్కువ. పేపరంతా ఇలాంటి జారుళ్లే. మూడోవాడు 11/12 అని సరిగ్గా రాశాడు, అంకెలతో ఇచ్చిన లెక్కలన్నీ సరిగ్గానే చేశాడు, రాత లెక్కలు మాత్రం ఒక్కటీ ముట్టుకోలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తే తెలిసింది, వాడు వాక్యాన్ని కూడబలుక్కుని చదువుతున్నాడు. వాడికి కావలసింది తెలుగు చదవడం రావడం. మొదటి అమ్మాయికి కాగితం మడిచి, గడులకు రంగులేసి భిన్నం అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పాలి. రెండోవాడికి చేసిన లెక్కను సరిచూసుకునే అలవాటు చేయాలి. ముగ్గురికీ మూడు వైద్యాలు. 20కి 12 అన్న అంకెలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

అపోహ: 35 వస్తే చదువు వచ్చినట్టు, 34 దగ్గర ఆగితే రానట్టు.

పాస్ మార్కు ఒక పరిపాలనా నిర్ణయం. ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో తెలుగుకు 35 రావాలి, ద్వితీయ భాషగా చదివే హిందీకి 20 చాలు. సీబీఎస్ఈకి వెళ్తే 33. ఎక్కడో ఒక చోట గీత గీయక తప్పదు కాబట్టి గీశారు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు పిల్లల చదువులో తేడా వెతికితే దొరకదు.

అపోహ: మార్కులు తీసేసి గ్రేడ్లు పెడితే పోటీ, ఒత్తిడి పోతాయి.

ఈ ఆశ ఈనాటిది కాదు. 1952–53 నాటి మొదలియార్ కమిషనే అంకెల బదులు గుర్తులు వాడమంది. 1986 జాతీయ విద్యా విధానం కూడా మార్కుల స్థానంలో గ్రేడ్లు రావాలంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 పదో తరగతి ఫలితాలు గ్రేడ్లలో వచ్చాయి. మన బోర్డులు వాడిన పట్టికలో 91 నుంచి 100 వరకు ఏ1, దానికి 10 పాయింట్లు. 81 నుంచి 90 వరకు ఏ2, 9 పాయింట్లు. అలా దిగుతూ 35 నుంచి 40 వరకు డి1. ఉద్దేశం మంచిదే. 94కీ 96కీ మధ్య లేని తేడాను ఉన్నట్టు చూపించకూడదనే.

మరి జరిగిందేమిటి? మార్కుల ర్యాంకులు పోయి "10/10 సాధించిన మా ఆణిముత్యాలు" అన్న ఫ్లెక్సీలు వచ్చాయి. పదికి పది ఎంతమందికి వచ్చాయన్నదే స్కూలు పరువుకు కొలమానమైంది. గ్రేడ్ల లెక్కలోనూ ఓ వింత ఉంది. ఆరు సబ్జెక్టుల్లోనూ సరిగ్గా 91 తెచ్చుకున్న పిల్లకు మొత్తం 546, జీపీఏ 10. అయిదింటిలో నూటికి నూరు తెచ్చుకుని లెక్కల్లో 90 దగ్గర ఆగిన పిల్లవాడికి మొత్తం 590, జీపీఏ 9.8. 44 మార్కులు ఎక్కువ వచ్చినవాడు ఫ్లెక్సీలో ఉండడు. అదే ఒక్క మార్కు కోసం పిల్లలు ఏడ్చారు, టీచర్లు కాళ్లావేళ్లా పడ్డారు, ట్యూషన్లు పెరిగాయి. రెండు మార్కుల మధ్య చిన్న మెట్లు తీసేసి గ్రేడ్ల మధ్య పెద్ద మెట్టు కట్టాం. ఆ మెట్టు అంచున నిలబడ్డవాళ్లకు ఒత్తిడి పెరిగింది.

తర్వాత ఆంధ్రప్రదేశ్ 2022లో మళ్లీ మార్కులకు వచ్చింది. ఆ ఏడాదే ర్యాంకుల పేరుతో ప్రకటనలిచ్చే స్కూళ్లపై కేసులు పెడతామని, జైలు దాకా వెళ్తుందని ప్రభుత్వం హెచ్చరించింది. తెలంగాణ 2025 ఫలితాల్లో జీపీఏను పక్కనపెట్టి మెమోల మీద మార్కులు చూపింది. రోగం ప్రకటనల్లో, సీట్ల కొరతలో, ఇంటి ముందు నలుగురిలో చెప్పుకోవడంలో ఉంటే, మందు కార్డు మీద గుర్తులు మార్చడంలో దొరకదు.

ఇంకో సంగతి కూడా తల్లిదండ్రులు గమనించాలి. ఏ1 అన్నచోటల్లా ఒకే అర్థం లేదు. మన రాష్ట్ర బోర్డుల్లో 91, ఆపైన వచ్చినవాళ్లందరికీ ఏ1 ఇచ్చారు. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో అలా కాదు. పాసైనవాళ్లను మార్కుల వరుసలో నిలబెట్టి, మొదటి ఎనిమిదో వంతుకు ఏ1, తర్వాతి ఎనిమిదో వంతుకు ఏ2 ఇస్తారు. మొదటిది పిల్లవాడికి ఎంత వచ్చిందో చెప్పే గ్రేడు. రెండోది పక్కవాడితో పోలిస్తే ఎక్కడున్నాడో చెప్పే గ్రేడు. రెండు ఇళ్లలో రెండు బోర్డుల పిల్లలుంటే వాళ్ల ఏ1లను పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవడం అనవసరం.

అపోహ: మార్కులు వేయకపోతే పిల్లలు చదవరు.

పరీక్ష భయంతో పుస్తకం పట్టేవాళ్లున్నారు, నిజమే. కానీ ఆ చదువు నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఇజ్రాయెల్ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. అయిదు, ఆరు తరగతుల పిల్లలు చేసిన పనికి కొందరికి మార్కు మాత్రమే ఇచ్చారు, కొందరికి ఏం బాగుంది, ఏం సరిచేసుకోవాలి అని రెండు మాటలు రాసి ఇచ్చారు, మిగిలినవాళ్లకు మార్కూ ఇచ్చారు, మాటలూ రాశారు. మాటలు మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పని మెరుగ్గా చేశారు, వాళ్ల ఆసక్తి కూడా నిలిచింది. అందరినీ ఆలోచింపజేసింది మూడో గుంపు. మార్కుతో పాటు మంచి మాటలు రాసినా వాళ్లు మార్కు మాత్రమే అందుకున్నవాళ్ల కంటే మెరుగుపడలేదు. అంకె కనబడగానే చూపు దాని మీదే ఆగిపోయింది, పక్కన రాసింది చదవలేదు. క్లాసులో పేపర్లు పంచేటప్పుడు గమనించండి. పిల్లలు ముందు తమ మార్కు చూస్తారు, వెంటనే పక్కవాడి పేపర్లోకి తొంగిచూస్తారు. ఎర్ర సిరాతో రాసిన వాక్యం అలాగే ఉండిపోతుంది.

దీన్ని పట్టుకుని మార్కులే వద్దని నేను అనను. ఏడాది చివర ఏదో ఒక లెక్క తేల్చాలి. నా మాటల్లా, నేర్చుకుంటున్నన్నాళ్లు అంకెను కాస్త వెనక్కి పెట్టి, మాటను ముందుకు తేవాలని. ఆ మాట కూడా పనికొచ్చేది కావాలి. "గుడ్", "ఇంకా కృషి చేయాలి" అన్న మాటలతో ఏ పిల్లవాడూ ఏమీ చేయలేడు. "కసాగు సరిగ్గా తీశావు, చివరి కూడిక మళ్లీ చూడు" అని రాస్తే, వాడు ఆ సాయంత్రమే పెన్సిల్ తీసుకుని సరిచేసుకోగలడు. ఇలా నలభై మందికి రాయడం పెద్ద పనే. అందుకే అన్ని పేపర్లకూ, అన్ని లెక్కలకూ రాయనక్కర్లేదు. ఆ వారం చెప్పిన ముఖ్యమైన ఒక్క లెక్కకు రాస్తే చాలు.

అపోహ: హోంవర్క్ తేనివాడికి, అల్లరివాడికి మార్కులు కోస్తే క్రమశిక్షణ వస్తుంది.

ఇది టీచర్లలో ఎక్కువ. కోపంలో చేతికి దగ్గరగా ఉన్న ఆయుధం మార్కే. కానీ దాని దెబ్బ ఎంత దూరం పోతుందో లెక్కవేసి చూడండి. ఒక అమ్మాయికి మూడు పరీక్షల్లో 80 చొప్పున వచ్చాయి. నాలుగోది, ప్రాజెక్టు, గడువులోగా ఇవ్వలేదని సున్నా వేశాం. సగటు 60కి పడిపోయింది. పాత గ్రేడ్ల లెక్కలో బి1 నుంచి సి1కి, రెండు మెట్లు కిందికి. ఆ కార్డు చూసినవాళ్లు ఈ అమ్మాయికి సగం పాఠాలే వచ్చాయనుకుంటారు. ఇంట్లో నాన్నకు జ్వరం వచ్చి పొలం పనికి వెళ్లిందన్న సంగతి కార్డు చెప్పదు. మూడుసార్లు కనబడిన ఆమె తెలివిని ఒక్క సున్నా కప్పేసింది.

దీనికి రెండో వైపు కూడా అంతే నష్టం. మన ఫార్మేటివ్ పరీక్షలో నాలుగు భాగాలుంటాయి: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. కాగితం మీద ఇది మంచి ఆలోచన. క్లాసులో అడిగిన ప్రశ్నకూ, సొంతంగా రాసిన నోట్సుకూ విలువ ఇస్తుంది. ఆచరణలో మాత్రం గైడు చూసి ఎక్కించిన నోట్సుకూ, బజార్లో కొన్న ప్రాజెక్టు చార్టుకూ నిండు మార్కులు పడడం అలవాటైంది. పదో తరగతిలో 20 ఇంటర్నల్ మార్కులున్న చోట ఎన్నో స్కూళ్లలో అందరికీ 19, 20 వేసేశారు. మా పిల్లలకు తక్కువ వేస్తే పక్క స్కూలు పిల్లలు ముందుకు పోతారన్న భయం. ఆ మార్కులకు అర్థం పోయాక ఆంధ్రప్రదేశ్ 2019లో ఇంటర్నల్స్‌ను తీసేసి నూరు మార్కుల పేపర్లకు వెళ్లింది. తెలంగాణలోనూ వాటిని తీసేయాలా, ఉంచాలా అన్న ఊగిసలాట నడిచింది.

క్రమశిక్షణ, శ్రద్ధ, సమయపాలన చిన్న విషయాలేమీ కావు. అందుకే వాటికి కార్డులో వేరే గడి ఉండాలి. మూల్యాంకనం మీద ఎంతోకాలంగా రాస్తున్న అమెరికన్ విద్యావేత్త థామస్ గస్కీ చెప్పేది ఇదే. పిల్లవాడికి ఇప్పుడు ఏం వచ్చు అన్నది ఒకటి, దానికోసం ఎలా పనిచేశాడన్నది ఇంకొకటి, మొదట్లో ఉన్నచోటు నుంచి ఎంత దూరం వచ్చాడన్నది మరొకటి. మూడింటినీ మూడు చోట్ల రాయండి, కలిపి ఒక్క అంకె చేయకండి అంటాడాయన. మూడు గడులు గీయడానికి ఖర్చేమీ లేదు. లెక్కల్లో 85, హోంవర్క్ క్రమం తప్పకుండా తేవడం లేదు, జూన్ కంటే చాలా మెరుగయ్యాడు అని ఉంటే, ఆ తల్లికి ఇంట్లో ఏం మాట్లాడాలో తెలుస్తుంది.

అపోహ: సీసీఈ అంటే పరీక్షలు ఎత్తేసి అందర్నీ పాస్ చేయడం.

ఊళ్లలో ఈ మాట స్థిరపడిపోయింది, చదువుకున్నవాళ్లూ అంటుంటారు. రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా కట్టేశాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 29వ సెక్షన్ పిల్లవాడికి ఎంత అర్థమైందో, దాన్ని ఎలా వాడగలడో నిరంతరంగా, సమగ్రంగా చూస్తూ ఉండమంది. సీసీఈ అదే. అదే తరగతిలో మళ్లీ కూర్చోబెట్టకూడదన్న నిబంధన 16వ సెక్షన్‌ది. ఒకటి ఎక్కువగా చూడమనే మాట, రెండోది శిక్షించవద్దనే మాట. మనం 16ను గుర్తుపెట్టుకుని 29ని వదిలేశాం. నిరంతరం చూడడం అంటే నాలుగు ఫార్మేటివ్‌లు, రెండు సమ్మేటివ్‌లు పెట్టి, మార్కులు రిజిస్టర్లో, ఆన్‌లైన్లో ఎక్కించడం అయిపోయింది. ఈ రెండు పేర్లూ పెట్టిన మైకేల్ స్క్రివెన్ 1967లో అన్నది చాలా సరళమైన విషయం. పని జరుగుతుండగా దాన్ని బాగుచేసుకోవడానికి చూసేది ఒకటి, పని అయ్యాక తీర్పు చెప్పడానికి చూసేది ఒకటి. ఫార్మేటివ్ పేపరు దిద్ది మార్కు ఎక్కించి, మర్నాడు కొత్త పాఠంలోకి వెళ్లిపోతే, పేరు ఏదైనా అది తీర్పే.

2019లో చట్టాన్ని సవరించి, అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవాళ్లను అదే తరగతిలో ఉంచే వీలు రాష్ట్రాలకిచ్చారు. తప్పినవాళ్లకు విడిగా పాఠాలు చెప్పి రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి, అప్పటికీ కాకపోతే ఆపవచ్చు. 2024 డిసెంబరులో కేంద్రం తన స్కూళ్లకు దీన్ని వర్తింపజేసింది. ఆ రెండు నెలల్లో ఏ పిల్లకు ఏం చెప్పాలో తెలియాలంటే మళ్లీ పైన చెప్పిన భిన్నాల మూడు పేపర్ల దగ్గరికే రావాలి.

అపోహ: ర్యాంకు చెప్పకపోతే తల్లిదండ్రులకు ఏమీ అర్థం కాదు.

ర్యాంకు చెప్పేది పక్క పిల్లల గురించి. క్లాసు మొత్తం వెనకబడ్డా అందులో ఒకరు ఫస్టే, అందరూ బాగా చదివినా ఒకరు చివరే. చదువుల పోటీకి పేరుపడ్డ సింగపూర్ 2019 నుంచి స్కూలు రిపోర్టు పుస్తకాల్లో క్లాసులో ఎన్నోవాడన్న గడి తీసేసింది. ప్రాథమిక విద్య చివర రాసే పరీక్షలో ఇతర పిల్లలతో పోల్చి వేసే టీ–స్కోరును 2021లో వదిలి, పిల్లవాడి సొంత మార్కును బట్టి ఎనిమిది స్థాయిలు పెట్టింది. సీట్ల కోసం పోటీ అక్కడా ఉంది, అయినా పిల్లవాణ్ణి పక్కవాడితో కొలిచే పనిని కార్డు మీద నుంచి తప్పించారు.

మన 2020 జాతీయ విద్యా విధానం కూడా కార్డును మార్చమంది. టీచరు మాటతో పాటు, పిల్లవాడు తన గురించి తాను రాసుకున్నదీ, తోటి పిల్లలు చెప్పిందీ ఉండే ప్రోగ్రెస్ కార్డు రావాలంది. కొత్త కార్డులు వచ్చేదాకా తల్లిదండ్రులు ఆగనక్కర్లేదు. మీటింగుకు వెళ్లినప్పుడు ర్యాంకు అడిగే ముందు పేపరు అడగండి. దిద్దిన జవాబు పత్రం చూసే హక్కు రాసినవాడికి ఉందని 2011 ఆగస్టులో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు సమాచార హక్కు చట్టం కింద తేల్చింది. బోర్డు పరీక్షకే ఆ హక్కు ఉన్నప్పుడు, బీరువాలో కట్టలు కట్టి పెట్టిన స్లిప్ టెస్ట్ చూపించడానికి ఏ బడికీ అభ్యంతరం ఉండకూడదు. ఒకే సబ్జెక్టువి మూడు పేపర్లు తీసుకుని పక్కపక్కన పెట్టండి. ఒక్కసారి వచ్చి పోయిన తప్పును వదిలేయండి. మూడింటిలోనూ కనబడే తప్పు మీద వేలు పెట్టి, "మేడమ్, ఇది మావాడికి ఎందుకు రావడం లేదు?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మా పని.